పెద్ద ఇంజిన్ ముందా, గేర్లు ముందా?

సొంతంగా కారు కట్టుకునేవారి ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: సగం కట్టి ఆపేసిన లోటస్ సెవెన్ తరహా కిట్ కారు ఒకటి కొని, నాలుగేళ్ళు శని, ఆదివారాలు దాని మీదే కూర్చుని పూర్తి చేశాను. ఫోర్డ్ క్రాస్‌ఫ్లో 1600 ఇంజిన్, సియెర్రా నుంచి తీసిన టైప్ 9 గేర్‌బాక్స్ ఉన్నాయి. ఇప్పుడు రెండు లీటర్ల ఇంజిన్ వేద్దామని ఉంది. జీటెక్ మంచిదా, డ్యూరాటెక్ మంచిదా? ఏది వేసినా గేర్‌బాక్స్ కూడా మార్చాలా?
- ఒక పాఠకుడు, లెస్టర్, ఇంగ్లండ్

జవాబు: నాలుగేళ్ళు పట్టు వదలకుండా పూర్తి చేసినందుకు ముందుగా అభినందనలు. మధ్యలో ఆగిపోయిన కిట్లు ఎన్నో చూశాను కాబట్టి మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

కాలిన్ చాప్‌మన్ 1957లో సెవెన్‌ని తెచ్చినప్పుడు విడిభాగాలుగా అమ్మడానికి పెద్ద కారణం పన్ను. తయారైన కారు మీద కొనుగోలు పన్ను పడేది, ఇంట్లో బిగించుకునే భాగాల మీద పడేది కాదు. 1973లో వ్యాట్ వచ్చి ఆ వెసులుబాటు పోయింది. సెవెన్ హక్కులు కేటర్‌హామ్ చేతికి వెళ్ళిందీ ఆ ఏడాదే. ఆ పుట్టుక వల్ల మనకు ఒక మేలు మిగిలింది: దొరికిన ఇంజిన్ తెచ్చి కూర్చోబెట్టడం ఈ కారుకి మొదటినుంచీ అలవాటే.

మీకు నా సలహా జీటెక్. మాండియోలో వచ్చిన 1988 సీసీ జీటెక్ సుమారు 130 హార్స్‌పవర్ ఇస్తుంది. దాని వెనక బోల్టు రంధ్రాల అమరిక మీ క్రాస్‌ఫ్లోదే. అంటే ఇప్పుడున్న బెల్ హౌసింగ్, దాని వెనక టైప్ 9 అలాగే ఉంచుకోవచ్చు. డ్యూరాటెక్ అల్యూమినియం బ్లాకు కాబట్టి తేలిక, టైమింగ్ బెల్టు బదులు చైను ఉంటుంది, కొంచెం ఎక్కువ బలం కూడా. కానీ బోల్టుల అమరిక వేరు. కొత్త బెల్ హౌసింగ్ కొనాలి, ఎగ్జాస్ట్ గొట్టాలు మళ్ళీ చేయించాలి. కొత్తగా కారు మొదలుపెడుతుంటే డ్యూరాటెక్ అనేవాణ్ణి. నడుస్తున్న కారుని విప్పి మార్చేవారికి జీటెక్ చాలు.

అయితే బిగిసినంత మాత్రాన పని అయిపోదు. జీటెక్ ముందు చక్రాలను తిప్పే కారులో అడ్డంగా కూర్చునే ఇంజిన్. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు కొనని పట్టుకునే స్పిగాట్ బేరింగ్ క్రాంక్ చివర ఉండదు, మీరే వేయించాలి. క్లచ్ ప్లేటు మధ్య పళ్ళు గేర్‌బాక్స్‌కి సరిపోవాలి, బయటి కొలత ఫ్లైవీల్‌కి సరిపోవాలి. రెండూ చేతిలో పట్టుకుని చూశాకే కొనండి. స్టీరింగ్ షాఫ్టుకీ ఎగ్జాస్ట్‌కీ మధ్య ఎడం ఎంత మిగులుతుందో ఇంజిన్ వేలాడదీసి ఉండగానే చూసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం సంప్. మాండియో సంప్ లోతుగా ఉండి సెవెన్ చాసిస్ కిందికి దిగిపోతుంది. దాన్ని కోసి పొట్టి చేస్తారు. పొట్టి సంప్‌లో పొడవాటి మలుపు తిరిగేటప్పుడు ఆయిల్ ఒక పక్కకి ఒరిగి, పికప్ గొట్టం గాలి పీలుస్తుంది. నా మొదటి ఇంజిన్ అలాగే పోయింది. ట్రాక్ మీద ఒకే ఒక్క కుడి మలుపు, ఆయిల్ ప్రెజర్ ముల్లు పడింది, నేను చూసేసరికి బిగ్ ఎండ్ బేరింగులు అయిపోయాయి. ఆ రాత్రి ఇంజిన్ విప్పి ఆ రాగి రంగు పొట్టు చూసిన బాధ మీకు వద్దు. లోపల తలుపులున్న అడ్డుపలకలు వేయించిన సంప్ కొనండి. ఇందులో మాత్రం పొదుపు చేయకండి.

మీ కారు బరువు 550 కిలోల దగ్గర ఉంటే, మంచి స్థితిలో ఉన్న టైప్ 9 ఈ ఇంజిన్‌ని మోస్తుంది. మార్చాక డీవీఎల్ఏకి కొత్త ఇంజిన్ నంబరు, సీసీ తెలియజేసి వీ5సీ పత్రం సరిచేయించుకోండి. బీమా కంపెనీకి అంతకన్నా ముందే చెప్పండి.

ప్రశ్న: నాదీ అలాంటి కారే, టైప్ 9 గేర్‌బాక్సే. మొదటి గేరు వేసిన వెంటనే అయిపోతుంది, రెండో గేరులో ఇంజిన్ లాగదు. ఇంజిన్ బలం పెంచితే సరిపోతుందా?
- ఒక పాఠకురాలు, రెడింగ్, ఇంగ్లండ్

జవాబు: మీ ఇంజిన్‌లో తప్పు లేదమ్మా. కాగితం మీద లెక్క వేద్దాం. నాలుగు సిలిండర్ల సియెర్రాకి వచ్చిన టైప్ 9లో గేర్ల నిష్పత్తులు 3.65, 1.97, 1.37, 1, 0.82. డిఫరెన్షియల్ 3.92, టైర్లు 185/60 ఆర్13 అనుకుంటే, 6000 ఆర్‌పీఎం దగ్గర మొదటి గేరులో వేగం గంటకి 44 కిలోమీటర్లే. అక్కడ గేరు మార్చగానే ఇంజిన్ 3200కి పడిపోతుంది. రెండు నుంచి మూడుకి మారినప్పుడు మాత్రం దాదాపు 4200 దగ్గర ఆగుతుంది. సియెర్రా బరువైన ఇంటి కారు, మనుషులతో, సామానుతో ఎత్తులో కదలడానికి అంత పొట్టి మొదటి గేరు దానికి కావాలి. మీ తేలిక కారుకి అక్కర్లేదు.

మొదటి గేరు 3కి దగ్గరగా ఉండే పళ్ళచక్రాల సెట్లు దొరుకుతాయి. అది వేస్తే మొదటి గేరులో 53 కిలోమీటర్ల దాకా పోతారు, రెండో గేరులోకి 3900 మీద దిగుతారు. కారు మారిపోయినట్టే ఉంటుంది. డిఫరెన్షియల్ మార్చి ఈ గుంట పూడ్చాలని చూడకండి. దానివల్ల అన్ని గేర్లూ కలిసి జరుగుతాయే గాని వాటి మధ్య దూరం తగ్గదు. ఇప్పుడు మోటారువేలో గంటకి 70 మైళ్ళ దగ్గర అయిదో గేరులో 3500 ఆర్‌పీఎం ఉంటుంది, అది హాయిగానే ఉంది, చెడగొట్టుకోవద్దు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఇలాంటి కారు కట్టి, రెండు లీటర్ల ఇంజిన్ వేసి రోడ్డు మీద తిప్పవచ్చా?
- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీ ఉత్సాహం మీద నీళ్ళు చల్లాలని లేదు గాని, ఇప్పుడున్న చట్టంలో దారి లేదు. బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన ఒక్క కారుని కూడా ఐవీఏ పరీక్షకి తీసుకెళ్ళి నంబరు తెచ్చుకోవచ్చు. మన దగ్గర ఏఆర్‌ఏఐ లాంటి సంస్థ నమూనాని పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వాలి. అది కంపెనీలు మోయగల ఖర్చు. ఉన్న కారులో వేరే ఇంజిన్ పెడదామంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డు. తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. ప్రైవేటు ట్రాక్ కోసమైతే కట్టండి, ట్రెయిలర్ మీద తీసుకెళ్ళండి.

ప్రశ్న: సార్, మా కాలేజీ జట్టు ఫార్ములా స్టూడెంట్ పోటీకి కారు కడుతోంది. కేటీఎం 390 ఇంజిన్ తీసుకున్నాం. వెనక స్ప్రాకెట్‌కి ఎన్ని పళ్ళు ఉండాలి?
- ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: పళ్ళ సంఖ్యకన్నా ముందు టైరు కొలవండి. బైకు వెనక టైరు వ్యాసం సుమారు 61 సెంటీమీటర్లు. మీరు 13 అంగుళాల చక్రానికి వాడే రేసు టైరు 52 సెంటీమీటర్లకి అటూ ఇటూ. చక్రం చిన్నదవడంతోనే అన్ని గేర్లూ 15 శాతం పొట్టివైపోయాయి. ఇది మరిచిపోయి బైకు మీదున్న 45 పళ్ళని ఇంకా పెంచేస్తే మొదటి గేరు పనికిరాకుండా పోతుంది.

గాలికి 20 మిల్లీమీటర్ల రంధ్రం నియమం ఉంది కదా, దానికి భయపడకండి. అది 600 సీసీ నాలుగు సిలిండర్లవాళ్ళ గొంతు నొక్కుతుంది. మీ 373 సీసీకి కావలసిన గాలి దాంట్లోంచి వస్తుంది. మీ లెక్క 75 మీటర్ల పరుగు దగ్గర మొదలవ్వాలి. గీత దాటడానికి పది మీటర్ల ముందు గేరు మార్చాల్సి వస్తే ఆ సమయం వృథా. గీత దాటేసరికి ఉన్న గేరు చివరి ఆర్‌పీఎం దగ్గర ఉండేలా పళ్ళు ఎంచుకోండి. అటూ ఇటూ రెండేసి పళ్ళ తేడాతో మూడు స్ప్రాకెట్లు కోయించి, గడియారం పట్టుకుని మూడూ పరిగెత్తించి చూడండి. స్ప్రాకెట్ మార్చిన ప్రతిసారీ చైను బిగువు సరిచేయండి.