పౌరుష గ్రంథి క్యాన్సర్: చికిత్సను ఎంచుకొనుట ఎట్లు?

మూత్రాశయం క్రింద, మూత్రనాళాన్ని చుట్టి, అక్రోటు కాయంత పరిమాణంలో ఉండే అవయవం పౌరుష గ్రంథి. వయసు పైబడిన కొలదీ ఇది పెరుగుట సహజం. పెరిగినంత మాత్రాన అది క్యాన్సర్ కాదు. సుశ్రుతాచార్యులు ఉత్తరతంత్రంలో మూత్రాఘాత భేదాలలో చెప్పిన వాతాష్ఠీల లక్షణాలు ఈ గ్రంథి వాపును చాలావరకు పోలి ఉంటాయి. అర్బుదాన్ని వారు నిదానస్థానంలో వేరుగా వర్ణించారు. కాని ఈ గ్రంథిలో ఉన్నది వాపో, అర్బుదమో నాడిని బట్టి తేల్చుటకు వీలు లేదు. రక్తంలో పి.ఎస్.ఎ. అధికమైనా అది అనుమానమే గాని నిర్ధారణ కాదు. వాపు వలన, మూత్రకోశంలో చీము పట్టుట వలన కూడా అది పెరుగుతుంది. ముక్క తీసి పరీక్షించే బయాప్సీయే నిర్ధారణ చేస్తుంది.

నిర్ధారణ అయిన దినం నుండి ఇంటిలో రెండు రకాల తొందర మొదలవుతుంది. వెంటనే కోసి తీసివేయించాలని కొందరు, ఆసుపత్రి వద్దు, మూలికలు చాలునని మరికొందరు. రెండూ విచారణ లేని నిర్ణయాలే.

సాధ్యాసాధ్య విచారం

చరక సంహిత సూత్రస్థానంలోని మహాచతుష్పాదాధ్యాయం చికిత్సకు పూర్వమే వ్యాధిని సుఖసాధ్యం, కృచ్ఛ్రసాధ్యం, యాప్యం, అసాధ్యం అని వేరుపరచుకొనమంటుంది. ఈ వ్యాధిలో ఆ విచారణకు మూడు విషయాలు ఆధారం.

మొదటిది, వ్యాధి గ్రంథిలోనే ఉన్నదా, దాటి ఎముకలకు చేరినదా అనునది. రెండవది, బయాప్సీ నివేదికలోని గ్లీసన్ సంఖ్య. ఇది 6 అయితే కణాలు మందగతిలో పెరిగేవని, 7 అయితే మధ్యమమని, 8 నుండి 10 వరకు అయితే ఉగ్రస్వభావం కలవని సామాన్యంగా గ్రహించాలి. మూడవది, రోగి వయసు, గుండె, మూత్రపిండాలు, మధుమేహం మొదలగు ఇతర స్థితిగతులు.

చికిత్సా మార్గాలు

1. క్రియాశీల పరిశీలన: మందగతి వ్యాధికి వెంటనే చికిత్స చేయక, నియమిత కాలంలో పి.ఎస్.ఎ., అవసరాన్ని బట్టి ఎం.ఆర్.ఐ., బయాప్సీ చేయిస్తూ, వ్యాధి ముదిరే సూచన కనబడితే చికిత్సకు పూనుకొనుట. ఇది ఉపేక్ష కాదు. పరీక్షలు మానివేస్తే మాత్రం ఉపేక్షే అవుతుంది.

2. శస్త్రచికిత్స: గ్రంథిని పూర్తిగా తొలగించుట. మూత్రం అదుపు తప్పుట, దాంపత్య శక్తి తగ్గుట దీని ముఖ్య ఉపద్రవాలు.

3. కిరణ చికిత్స: పూర్వం ఏడెనిమిది వారాలు పట్టేది. నేడు అనేకులకు నాలుగు వారాలలో ముగుస్తుంది. మలాశయంలో మంట, రక్తం పడుట కొందరిలో కలుగవచ్చు.

4. హార్మోను చికిత్స: పురుష హార్మోను తగ్గితే ఈ వ్యాధి అణగుతుందని 1941లో చార్లెస్ హగ్గిన్స్ నిరూపించారు, 1966లో నోబెల్ బహుమతి పొందారు. వ్యాధి ఎముకలకు పాకినపుడు ఇదే ప్రధానాధారం. చికిత్స సాగినంత కాలం వ్యాధిని అదుపులో ఉంచుతుంది గనుక దీనిని యాప్యం అనుట సమంజసం.

పరిశోధన చెప్పినది

బ్రిటన్‌లో వ్యాధి గ్రంథిని దాటని 1643 మందిని పరిశీలన, శస్త్రచికిత్స, కిరణ చికిత్స అను మూడు వర్గాలుగా విభజించి సుమారు 15 ఏళ్ళు గమనించారు. ఫలితాలు 2023లో వెలువడినాయి. ఈ వ్యాధితో మరణించినవారు మూడు వర్గాలలోనూ నూటికి ఇద్దరు ముగ్గురే. అయితే వ్యాధి ఇతర భాగాలకు పాకుట పరిశీలన వర్గంలో నూటికి 9 మందిలోను, తక్కిన రెండింటిలో సుమారు 5 మందిలోను కనబడింది. పరిశీలనతో మొదలిడినవారిలో సుమారు 61 శాతం కాలక్రమంలో చికిత్స పొందారు.

కనుక గ్లీసన్ 6 గల 74 ఏళ్ళ హృద్రోగికి పరిశీలన యుక్తం కావచ్చు. గ్లీసన్ 8 గల 58 ఏళ్ళ ఆరోగ్యవంతుడు అదే మార్గం పడితే కాలం చేజారుతుంది. వ్యాధి పేరు ఒక్కటే అయినా చికిత్స ఒక్కటి కాదు. పొరుగువారికి మేలు చేసినది మీకూ చేస్తుందనుకొనరాదు.

ఆయుర్వేదం స్థానం ఏమిటి?

ఈ క్యాన్సర్‌ను మూలికలు మాత్రమే నయం చేస్తాయని చెప్పుటకు ఆధారం లేదు. ఆ మాట చెప్పి ధనం తీసుకొనువారిని నమ్మవద్దు. అమెరికాలో పి.సి. స్పెస్ అను మూలికా మిశ్రమాన్ని ఈ వ్యాధికి విరివిగా వాడారు. అందులో రక్తాన్ని పలుచన చేసే అల్లోపతి మందు కలిసి ఉన్నదని తేలి 2002లో ఉపసంహరించారు. విటమిన్-ఇ మాత్రలు ఈ వ్యాధిని నివారిస్తాయని ఆశించి సాగించిన పెద్ద పరిశోధనలో, అవి వాడినవారిలోనే వ్యాధి 17 శాతం అధికమని 2011లో వెల్లడైంది.

హార్మోను చికిత్స సాగుతుండగా వాజీకరణ ఔషధాలు, లేహ్యాలు వైద్యునికి తెలుపక సేవించరాదు. కిరణ చికిత్సలో విరేచనాలు అవుతుంటే త్రిఫల చూర్ణం మానాలి. జావ, పలుచని మజ్జిగ మంచివి. హార్మోను చికిత్స ఎముకలను బలహీనపరుస్తుంది గనుక రాగులు, నువ్వులు, నడక, ఎండ అవసరం. శస్త్రచికిత్స అనంతరం గొట్టం తీసిన పిమ్మట, వైద్యుని అనుమతితో, మూత్రాన్ని ఆపుకొనునట్లు కటి కండరాలను బిగించి వదలు అభ్యాసం మేలు చేస్తుంది.

వైద్యుని అడుగవలసినవి

నా గ్లీసన్ సంఖ్య ఎంత? వ్యాధి గ్రంథిని దాటినదా? వేచి చూస్తే నష్టమేమి? ఈ చికిత్స వలన మూత్రం, మలం, దాంపత్యం ఎట్లు మారుతాయి? శస్త్రవైద్యునితో పాటు కిరణ చికిత్సా నిపుణుని అభిప్రాయమూ తీసుకొనుట ఉత్తమం. మందగతి వ్యాధిలో కొద్ది వారాలు ఆలోచించుట వలన హాని లేదు. కాని మూత్రం పూర్తిగా బిగిసినా, వెన్నునొప్పితో కాళ్ళు పట్టు తప్పినా ఆ రోజే ఆసుపత్రికి చేరాలి.

చరకుడు చికిత్సకు నాలుగు పాదాలు చెప్పి, రోగికి ఉండవలసిన గుణాలలో నిర్భయత్వాన్ని, తన స్థితిని దాచక తెలుపుటను చేర్చాడు. మన ఇళ్ళలో నాన్నగారికి సంగతి చెప్పక కుమారులే నిర్ణయించుట, బిడియం వలన నాన్నగారు తమ బాధ చెప్పకుండుట రెండూ కద్దు. చికిత్సా ఫలాన్నీ ఉపద్రవాన్నీ అనుభవించవలసినది ఆ శరీరమే. కనుక ఆయనకు అన్నీ తెలిపి, ఆయన మాట వినిన పిమ్మటనే నిర్ణయం జరుగవలెను.