పెద్దయ్య పాదాలు

కృష్ణా జిల్లా దివిసీమలో వరి ఎక్కువ. వరి ఉన్న చోట ఎలుకలూ ఉంటాయి. అవి పిలకలు కొరికేస్తాయి. వెన్నులు కోసి బొరియల్లో దాచుకుంటాయి. అందుకే రైతులు ఎలుకలు పట్టేవాళ్ళను పిలుస్తారు. యానాది కుటుంబాలు చాలావరకు ఈ పని చేస్తాయి. సాయంత్రం చేలో బుట్టలు పెడతారు. తెల్లవారుజామున తీస్తారు. పడ్డ ఎలుకలను లెక్కపెట్టి కూలి తీసుకుంటారు.

ఈ పనిలో చెయ్యి తిరిగినవాడు పెద్దయ్య. నాలుగేళ్ళుగా ఆయనకు షుగరు ఉంది. రోజూ మాత్ర వేసుకుంటాడు.

ఒకరోజు చీకటితోనే లేచాడు. మాత్ర వేసుకున్నాడు. అన్నం తినకుండానే చేలోకి వెళ్ళాడు. సగం బుట్టలు తీసేసరికి ఒళ్ళంతా చెమట పట్టింది. చేతులు వణికాయి. గట్టు మీద కూలబడ్డాడు.

"అయ్యా, ఏమైంది?" అని కొడుకు పరుగెత్తుకొచ్చాడు. పెద్దయ్య మాట తడబడింది.

పక్క చేలో రైతు వచ్చి చూశాడు. ఆయనకూ షుగరే. జేబులోంచి బెల్లం ముక్క తీసి పెట్టాడు. కాసేపటికి పెద్దయ్య తేరుకున్నాడు.

ఆ సాయంత్రం నర్సమ్మ ఇంటికి వచ్చింది.

"మాత్ర వేసుకుని తిండి మానేస్తే ఒంట్లో చక్కెర బాగా పడిపోతుంది పెద్దయ్యా. కొన్ని మాత్రలతో, ఇన్సులిన్‌తో అలా జరుగుతుంది. మాత్ర మానొద్దు. తిండీ మానొద్దు. ఏదీ, కాళ్ళు చూపించు" అంది.

అరికాల్లో వెదురు పేడు దిగి ఉంది. చుట్టూ చీము పట్టింది.

"ఎప్పుడు గుచ్చుకుందో తెలియదమ్మా. నొప్పే లేదు" అన్నాడు పెద్దయ్య.

"నొప్పి లేకపోవడమే ప్రమాదం. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గుతుంది. పుండు పడినా తెలియదు. తొందరగా మానదు."

పెద్దయ్య భార్య గుండె గుభేలుమంది. "మా బావగారికి ఇట్టాగే బొటనవేలు తీసేశారమ్మా. ఇక ఈ పని మానేయమంటారా?"

"పని మానేస్తే ఎట్లా గడుస్తుంది? పుండు మానేదాకా బురదలో దిగొద్దు. తరవాత జాగ్రత్తగా చేసుకోవచ్చు. ఇంకో సంగతి. ఎలుకల మూత్రం బురదనీళ్ళలో కలుస్తుంది. కాలికి పుండు ఉంటే అందులోంచి ఎలుక జ్వరం క్రిములు ఒంట్లోకి పోతాయి. జ్వరం, తలనొప్పి, పిక్కల నొప్పి వస్తాయి. కళ్ళు ఎర్రబడతాయి. ముదిరితే కామెర్లు వస్తాయి, మూత్రపిండాలు చెడిపోతాయి. ముందే వెళితే మందుతో తగ్గుతుంది. డాక్టరుకు ఎలుకలు పట్టే పని అని తప్పక చెప్పాలి."

మర్నాడే పెద్దయ్య ఆసుపత్రికి వెళ్ళాడు. పేడు తీసి కట్టు కట్టారు. పుండు మానేదాకా కొడుకే బుట్టలు తీశాడు. పెద్దయ్య ఇంటి దగ్గర కూర్చుని కొత్త బుట్టలు అల్లాడు.

ఇప్పుడు ఆయన మళ్ళీ చేలోకి వెళుతున్నాడు. ముందు అన్నం తింటాడు. మేజోళ్ళు వేసి, బూట్లు దులిపి తొడుక్కుంటాడు. మొలలో బెల్లం ముక్క ఉంటుంది. రాత్రి భార్య దీపం దగ్గర ఆయన అరికాళ్ళు చూస్తుంది.

గుర్తుంచుకోండి

1. షుగరు ఉన్నవాళ్ళు చేలోకి ఒంటరిగా వెళ్ళకూడదు. తిని వెళ్ళాలి.
2. చెమట, వణుకు, తడబాటు వస్తే వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార గానీ, బెల్లం గానీ తినాలి. పావుగంటలో తగ్గకపోతే మళ్ళీ తినాలి. తరవాత అన్నం తినాలి.
3. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోను చేయాలి.
4. ఆయాసం ఉన్నవాళ్ళు బొరియల్లో పొగ పెట్టే పని ఇతరులకు వదిలేయాలి.
5. బొరియలో చెయ్యి పెట్టకూడదు. పాము ఉండవచ్చు. కరిస్తే కోయకూడదు, గట్టిగా కట్టకూడదు. కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.
6. పని అయ్యాక సబ్బుతో చేతులు, కాళ్ళు కడుక్కోవాలి. వేళ్ళ సందులు తుడుచుకోవాలి.

చెప్పండి

1. పెద్దయ్య గట్టు మీద ఎందుకు కూలబడ్డాడు?
2. నొప్పి లేకపోవడం ప్రమాదమని నర్సమ్మ ఎందుకు అంది?
3. మీ ఇంట్లో షుగరు ఉన్నవాళ్ళ పాదాలు ఈ రాత్రి ఎవరు చూస్తారు?