తిమ్మిరి ఏ కాలికి?

కోదాడ హాస్టల్లో ఐదేండ్లు ఉండి, ఇప్పుడు సైకాలజీలో పీజీ చేస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటివాణ్ణి నేనే. సంచికకు పాఠంలాంటిది ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగితే నా ప్రాజెక్టు గురించే రాస్తున్నాను.

పెద్ద ప్రమాదమో, వరదో జరిగితే ఒంటి గాయం మానుతుంది. కానీ కొందరి మనసు ఆ రోజు దగ్గరే ఆగిపోతుంది. పీడకలలు, ఉలికిపాటు, ఆ చోటికి పోవాలంటే బెదురు. ఈ బాధను కొలవడానికి 1979లో అమెరికాలో హోరోవిట్జ్ బృందం 15 అంశాలతో ‘ఇంపాక్ట్ ఆఫ్ ఈవెంట్ స్కేల్’ తయారుచేసింది. 1997లో వైస్, మార్మర్ అనేవారు దాన్ని 22 అంశాలకు పెంచారు. గడిచిన ఏడు రోజుల్లో ఎంత బాధ కలిగిందో ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కు వేయాలి. మొత్తం 88. ఇది జబ్బును తేల్చి చెప్పదు, డాక్టరు దగ్గరికి ఎవరిని ముందు పంపాలో చెబుతుంది.

టర్కీలో 1999 ఆగస్టు 17 నాటి భూకంపంలో 17 వేల మందికి పైగా చనిపోయారు. అక్కడి పరిశోధకులు ఈ స్కేలును తమ భాషలో పరీక్షించి 2006లో ప్రచురించారు. మన దగ్గర 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. ఇలాంటి బాధకు పీటీఎస్‌డీ అన్న పేరు అమెరికా వైద్యుల పుస్తకంలోకి ఎక్కింది 1980లో, అంటే ఉప్పెన తర్వాతనే.

నాకు మాత్రం ఉప్పెన దాకా పోనక్కరలేదు. హైదరాబాద్–విజయవాడ 65వ జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగానే పోతుంది. దాని పక్కనే మా నాన్నను లారీ గుద్దింది. కాలు అతుక్కుంది. హారన్ మోగితే మాత్రం ఇప్పటికీ చేతిలో అన్నం ముద్ద కింద పడుతుంది.

నా మొదటి తర్జుమా ఆయనకే చదివి వినిపించాను. భావాలు మొద్దుబారడం గురించి ఒక అంశం ఉంది. డిక్షనరీ చూసి ‘తిమ్మిరి’ అని రాశాను. “తిమ్మిరా? కుడికాలికే బిడ్డా” అన్నాడు. నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. తర్వాత ‘ఏడుపు రాక, సంతోషం రాక మనసు రాయైనట్టు’ అని మార్చాను. ‘గడిచిన ఏడు రోజులు’ అంటే అమ్మ వేళ్లు లెక్కపెట్టింది. ‘పోయిన అంగడి నుంచి ఈ అంగడి దాకా’ అంటే వెంటనే అర్థమైంది. 0 నుంచి 4కు ఖాళీ గ్లాసు, పావు, సగం, ముప్పావు, నిండు గ్లాసు బొమ్మలు వేశాను.

అసలు చిక్కు వేరే చోట వచ్చింది. గుర్తుచేసే చోట్లకు దూరంగా ఉన్నారా అని ఒక అంశం. నాన్న “లేదు” అన్నాడు, సున్నా. ఎట్లా దూరంగా ఉంటాడు? ఆ రోడ్డు దాటితేనే మార్కెట్ యార్డు, హమాలీ పని, కూలి. భయం లేక కాదు, తప్పించుకునే వీలు లేక. రోజుకూలీ మనిషికి ఆ సున్నా అబద్ధం చెబుతుంది. ‘దూరంగా ఉండాలనిపించిందా’ అని అడిగితే నిండు గ్లాసు చూపించాడు. అయితే అట్లా మారిస్తే కొలిచేదే మారుతుంది కదా అని మా గైడ్ మేడం అన్నారు. ఆమె మాటా నిజమే. అందుకే రెండు రూపాలూ పెట్టి చూస్తున్నాం.

పద్ధతి సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇద్దరు విడివిడిగా తెలుగులోకి మార్చాలి. మూలం చూడని మరొకరు తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి. బ్రిస్లిన్ 1970లో రాసిన వ్యాసంతో ప్రసిద్ధమైన పద్ధతి ఇది. రెండు ఇంగ్లీషులూ పక్కపక్కన పెడితే తప్పు తెలుస్తుంది. తర్వాత కొద్దిమందిని అడిగి చూసి, ఆపైన ఎక్కువమంది మార్కులతో క్రోన్‌బాక్ ఆల్ఫా లెక్కకట్టాలి. మామూలుగా 0.70 దాటితే అంశాలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయని అర్థం. ఇంకొకటి, ఎన్ని మార్కులు దాటితే ప్రమాదమో ఆ గీత వేరే దేశం నుంచి అరువు తెచ్చుకోకూడదు. మనవాళ్ల మీదే తేల్చాలి.

నాన్నను మానసిక వైద్యుడికి చూపించాం. డాక్టరు దాకా పోలేని వాళ్లకు 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416 ఉంది, డబ్బులు పడవు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో పదేసి మందిని కలవాలి. మూలం చూడకుండా ఇంగ్లీషులోకి తిప్పగలిగిన పూర్వ విద్యార్థులు ఇద్దరు కావాలి. వార్డెన్ సార్ దగ్గర పేరిచ్చి పోండి.