పందుల దాణా: ఏ వయసుకు ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి?

ప్రకృతి వ్యవసాయం చేస్తూ ఆవులు, కోళ్లతో పాటు పందులు కూడా పెట్టుకుందామనుకునే వాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. వాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒకటే ప్రశ్న: "అన్నా, దాణా కొనకుండా హోటల్ ఎంగిలి, అజొల్లాతో పెంచేయొచ్చు కదా?" ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు. దాణా కలిపే పద్ధతి వీడియోలో చూపించాను. లెక్కలు మాత్రం రాసి పెట్టుకోవాల్సినవి కాబట్టి ఇక్కడ వివరంగా ఇస్తున్నాను. పెన్ను, పుస్తకం దగ్గర పెట్టుకోండి.

పందుల పెంపకంలో మొత్తం ఖర్చులో సుమారు 70 శాతం దాణాదే. అందుకే లాభమైనా నష్టమైనా దాణా తొట్టి దగ్గరే తేలిపోతుంది.

మొదట ఒక చిన్న లెక్క

పంది ఒక కిలో బరువు పెరగడానికి ఎన్ని కిలోల దాణా తింటుందో దాన్ని మేత మార్పిడి అంటాం. 12 కిలోల పిల్లను 90 కిలోల వరకు పెంచాలంటే 78 కిలోల బరువు రావాలి. కిలోకు 3.5 కిలోల దాణా పడితే మొత్తం 273 కిలోలు. సరిగ్గా కలపక కిలోకు 4.5 కిలోలు పడితే 351 కిలోలు. తేడా 78 కిలోలు. మీ దాణా కిలో 30 రూపాయలు పడుతోందనుకుంటే ఒక్క పంది మీద 2,340 రూపాయలు పోయినట్టే. పది పందులకు ఎంతో మీరే వేసుకోండి.

పంది ఆవులాంటిది కాదు. ఆవుకు నాలుగు గదుల పొట్ట ఉంది, గడ్డి తిని పాలు ఇస్తుంది. పందికి మనలాగే ఒకటే పొట్ట. పచ్చి మేత తింటుంది గానీ దాని మీదే బతికి బరువు పెరగదు. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం పాఠం వచ్చేసినట్టే.

పుట్టిన రోజు నుంచి పాలు మానే వరకు

పిల్ల పుట్టేటప్పుడు కిలో నుంచి కిలోన్నర బరువు ఉంటుంది. పుట్టిన గంట, రెండు గంటల్లోపే ముర్రుపాలు తాగాలి. ముర్రుపాలలోని రోగనిరోధక శక్తిని పిల్ల పేగు మొదటి 24 గంటలే బాగా పీల్చుకుంటుంది. తర్వాత ఎన్ని తాగినా ఆ పని జరగదు. బలహీనమైన పిల్లను చేత్తో పట్టుకెళ్లి ముందు వైపు చన్నులకు పెట్టండి, అక్కడ పాలు ఎక్కువ.

రెండోది ఐరన్. పిల్ల సుమారు 50 మిల్లీగ్రాముల ఐరన్‌తో పుడుతుంది. రోజుకు దాదాపు 7 మిల్లీగ్రాములు కావాలి. తల్లి పాల నుంచి వచ్చేది ఒక్క మిల్లీగ్రామే. అంటే వారం, పది రోజుల్లో నిల్వ ఖాళీ. అప్పుడే పిల్లలు తెల్లగా పాలిపోయి, ఆయాసపడి, విరేచనాలతో చనిపోతుంటాయి. అడవిలోనైతే పంది పిల్ల మట్టి తవ్వి ఐరన్ తెచ్చుకుంటుంది. మనం సిమెంటు గచ్చు మీద పెంచుతున్నాం కాబట్టి మనమే ఇవ్వాలి. 3 నుంచి 4 రోజుల వయసులో పశువైద్యుడి చేత ఐరన్ ఇంజెక్షన్ చేయించండి. "ప్రకృతి వ్యవసాయంలో ఇంజెక్షన్ ఏంటి?" అని కొందరు అడుగుతారు. మట్టి నుంచి దూరం చేసింది మనమే కదా, ఆ లోటు తీర్చాల్సింది కూడా మనమే. దీంతో పాటు పందులు ఎప్పుడూ తిరగని చోటు నుంచి తెచ్చిన శుభ్రమైన ఎర్రమట్టి కూడా మూలకు వేయొచ్చు.

10 నుంచి 14 రోజుల వయసు నుంచి పిల్లలకు తల్లి దూరలేని చిన్న గడిలో క్రీప్ దాణా పెట్టడం మొదలుపెట్టండి. మొదట్లో తినేది చాలా తక్కువే. అయినా పాలు మాన్పించే రోజుకు పొట్ట అలవాటు పడి ఉంటుంది. 100 కిలోలకు:

- మొక్కజొన్న 55 కిలోలు
- సోయా చెక్క 27 కిలోలు
- గోధుమ పొట్టు 10 కిలోలు
- ఉప్పు వేయకుండా ఎండబెట్టిన చేపల పొడి 5.5 కిలోలు
- ఖనిజ లవణ మిశ్రమం 2 కిలోలు
- ఉప్పు అరకిలో

ఇందులో మాంసకృత్తులు సుమారు 21 శాతం వస్తాయి. మెత్తగా మరాడించాలి. మిగిలింది రోజూ తీసేసి కొత్తది పెట్టాలి. పులిసిన దాణా పెడితే విరేచనాలు ఖాయం.

పెరిగే పందులకు: 23, 18, 12

మన దగ్గర చాలామంది 6 నుంచి 8 వారాల్లో పిల్లలను తల్లి నుంచి వేరు చేస్తారు. ఆ తర్వాత నేను మూడు దాణాలే కలుపుతాను. మూడింటిలోనూ మొక్కజొన్న (లేదా నూకలు) 50 కిలోలు, ఖనిజ లవణ మిశ్రమం 2 కిలోలు, ఉప్పు అరకిలో మారవు. సోయా చెక్క తగ్గించి ఆ మేరకు తవుడు పెంచడమే పని.

- ఒకటో దాణా, 12 నుంచి 40 కిలోల బరువు వరకు: సోయా చెక్క 23, తవుడు 24.5. మాంసకృత్తులు సుమారు 18 శాతం.
- రెండో దాణా, 40 నుంచి 60 కిలోలు: సోయా చెక్క 18, తవుడు 29.5. సుమారు 16 శాతం.
- మూడో దాణా, 60 కిలోల నుంచి అమ్మే వరకు: సోయా చెక్క 12, తవుడు 35.5. సుమారు 14 శాతం.

ఎందుకు తగ్గిస్తున్నాం? చిన్న పంది కండ పెంచుకుంటుంది, దానికి మాంసకృత్తులు కావాలి. పెద్దయ్యాక కొవ్వు పడుతుంది, దానికి పిండి పదార్థం చాలు. 80 కిలోల పందికి ఖరీదైన ఒకటో దాణా పెడితే ఎక్కువైన మాంసకృత్తులు మూత్రంలో పోతాయి, షెడ్డులో ఘాటు వాసన పెరుగుతుంది. పిల్లకు మూడో దాణా పెడితే ఎదుగుదల ఆగిపోతుంది.

సోయా చెక్క బదులు మొత్తం వేరుశనగ చెక్క వేసేయొద్దు. చూడ్డానికి మాంసకృత్తుల శాతం దగ్గరగానే ఉంటుంది. కానీ పందికి ముందుగా కొరత వచ్చే లైసిన్ అనే అమైనో ఆమ్లం వేరుశనగ చెక్కలోనూ మొక్కజొన్నలోనూ తక్కువే. సోయాలో ఎక్కువ. కాబట్టి కొంత భాగం మాత్రమే మార్చుకోండి.

రోజుకు ఎంత? 20 కిలోల పందికి కిలో, 40 కిలోల పందికి 1.7 కిలోలు, 60 కిలోలకు 2.3, 90 కిలోలకు 3 కిలోల దగ్గర. దాణా మార్చేటప్పుడు ఒక్కసారిగా కాకుండా 5 నుంచి 7 రోజుల పాటు పాతది, కొత్తది కలిపి పెట్టాలి.

కాటా లేదంటారా? టేపు చాలు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, చెవుల మధ్య నుంచి తోక మొదలు వరకు పొడవు మీటర్లలో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో, తర్వాత పొడవుతో, ఆ తర్వాత 69.3తో గుణిస్తే బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 0.9, పొడవు 0.95 అయితే సుమారు 53 కిలోలు. అంటే రెండో దాణా పెట్టాలన్నమాట.

సూడి పంది, పాలిచ్చే పంది

పంది సూడి కాలం 114 రోజులు. మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు అని గుర్తుపెట్టుకోండి.

మొదటి మూడు నెలలు మూడో దాణా రోజుకు 2 కిలోల పైన కొంచెం చాలు. ముద్దు చేసి ఎక్కువ పెడితే కొవ్వు పట్టి ఈనడం కష్టమవుతుంది, పిల్లల మీద పడుకుని నలిపేస్తుంది. కడుపులో పిల్ల ఎక్కువగా పెరిగేది చివరి నెలలోనే. అప్పుడు 2.5 నుంచి 3 కిలోలకు పెంచండి. ఈనే రోజు తక్కువ దాణా, నానబెట్టిన తవుడు, కావలసినన్ని నీళ్లు ఇవ్వండి. మలబద్ధకం ఉంటే పాలు సరిగ్గా దిగవు.

ఈనిన తర్వాత వారంలో మెల్లగా పెంచుతూ రెండో దాణాకు మార్చాలి. తన కోసం 2 కిలోలు, ఒక్కో పిల్లకు పావుకిలో నుంచి 400 గ్రాముల చొప్పున లెక్క. 8 పిల్లలుంటే 4 నుంచి 5 కిలోలు. ఇక్కడ పొదుపు చేస్తే తల్లి ఎండిపోయి మళ్లీ ఎదకు రాదు. పిల్లలను వేరు చేసిన రోజు దాణా తగ్గించండి, పాలు ఇంకుతాయి. తర్వాత చూలు కట్టే వరకు అరకిలో పైన ఎక్కువ పెడితే అండాలు బాగా విడుదలవుతాయి. కట్టాక మళ్లీ 2 కిలోలే.

అజొల్లా సంగతి

అజొల్లా మంచిదే, నేనూ పెంచుతాను. కానీ "25 శాతం మాంసకృత్తులు" అన్నది ఎండిన అజొల్లా లెక్క. పచ్చి అజొల్లా కిలోలో నీళ్లు పోగా మిగిలేది సుమారు 60 గ్రాములు, అందులో మాంసకృత్తులు 15 గ్రాములు. కిలో సోయా చెక్కలో 450 గ్రాములు. అంటే 30 కిలోల అజొల్లా ఒక కిలో సోయా చెక్కకు సమానం. 40 కిలోల పందికి రోజుకు కావలసిన 270 గ్రాముల మాంసకృత్తుల్లో సగం అజొల్లాతో ఇవ్వాలంటే 9 కిలోలు తినాలి. దాని పొట్టలో అంత చోటు లేదు.

అందుకే అజొల్లా, మునగాకు, చిలగడదుంప తీగ లాంటివి సూడి పందులకు 2, 3 కిలోలు, పెరిగే వాటికి కొద్దిగా ఇవ్వండి. చిన్న పిల్లలకు వద్దు.

హోటల్ ఎంగిలి: ఇక్కడ ఆగి ఆలోచించండి

ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మన దేశంలో మొదట 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడింది. దానికి మందు లేదు. వస్తే షెడ్డు షెడ్డు ఖాళీ అయిపోతుంది. ఈ వైరస్ పంది మాంసం ముక్కల్లో, ఎంగిలిలో బతికే ఉంటుంది. ఉచితంగా వచ్చిన డ్రమ్ము ఎంగిలి మీ పెట్టుబడి మొత్తం తీసుకుపోవచ్చు.

నా మాట అయితే మాంసం కలిసే ఎంగిలి వద్దు. పెట్టక తప్పదనుకుంటే కనీసం 90 డిగ్రీల వేడిలో గంటసేపు కలుపుతూ ఉడికించాలి. పైపైన వేడి చేస్తే లాభం లేదు. పచ్చి ఎంగిలి డ్రమ్ములు, ఉడికించిన గిన్నెలు వేర్వేరుగా ఉండాలి. పైగా ఎంగిలిలో ముప్పాతిక భాగం నీళ్లే, ఉప్పు ఎక్కువ, రోజుకో రకం. కాబట్టి దాంతో పాటు దాణా ఎలాగూ పెట్టాలి.

ఇవి జాగ్రత్త

- బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క వద్దే వద్దు. అందులోని అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది.
- పచ్చి సోయా గింజలు వేయించకుండా పెట్టొద్దు. మాంసకృత్తులు అరగవు.
- పత్తి చెక్క వద్దు, అందులో గాసిపాల్ విషం ఉంటుంది.
- కర్రపెండలం చెక్కు ఎండబెట్టి లేదా ఉడికించి మాత్రమే పెట్టండి.
- నూనె తీయని తవుడు త్వరగా కారం వాసన వస్తుంది. రెండు, మూడు వారాలకు సరిపడానే తెచ్చుకోండి.
- నీళ్లు తిన్న దాణాకు రెండు, మూడు రెట్లు కావాలి. పాలిచ్చే తల్లికి రోజుకు 20 లీటర్ల పైనే. నీళ్లు ఆగిపోతే మామూలు ఉప్పు కూడా విషమై పంది మూర్ఛ పోతుంది.
- ఎండాకాలంలో దాణా తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాక పెట్టండి. పందికి చెమట పట్టదు, మధ్యాహ్నం తినదు.
- త్వరగా పెరగాలని యాంటీబయాటిక్ పొడులు కలపొద్దు. వాటిలో కొలిస్టిన్‌ను 2019లో కేంద్రమే నిషేధించింది.

పిల్లలు కొనేటప్పుడు జాతి కూడా చూసుకోండి. లార్జ్ వైట్ యార్క్‌షైర్‌తో పాటు, తిరుపతిలోని వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం తయారు చేసిన టి-17 సంకరజాతి కూడా ఉంది. అయితే ఎంత మంచి జాతి అయినా నాసిరకం దాణాతో పెరగదు.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది: దాణా పూర్తిగా మానేయలేం, కానీ ఖర్చు తగ్గించుకోగలం. మీ పొలంలో మొక్కజొన్న, మీ ఊరి మిల్లులో నూకలు, తవుడు ఉంటే బయట కొనాల్సింది సోయా చెక్క, చేపల పొడి, ఖనిజ లవణాలే. పిల్లలు కొనకముందే మీ దగ్గర ఏమున్నాయో, ఎన్ని నెలలకు సరిపోతాయో రాసుకోండి. ఒక్కో పందికి 273 కిలోల లెక్కన ఎన్నింటికి సరిపడా ఉంటే అన్నే తెచ్చుకోండి. మీ ఊళ్లో దొరికే మేత ఏదైనా ఉంటే, దాన్ని ఏ దాణాలో ఎంత కలపొచ్చో వీడియో కింద అడగండి, లెక్క వేసి చెప్తాను.