గాలము వేయుటకు ముందు: మన చెరువులు, ఏరుల వద్ద చేపల వేట



సెలవు దినమున గాలము, ఎర చేతబట్టి చెరువు గట్టునకు పోవుట మన ప్రాంతపు యువకులకు ప్రియమైన వినోదము. ఇది నేడు పుట్టినది కాదు. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు తన 'మానసోల్లాసము'లో చేపల వేటను రాజవినోదములలో ఒకటిగా వర్ణించి, చేపలకు తగిన ఎరలను కూడ తెలిపెను. మదరాసు రాష్ట్రమున ఉద్యోగము చేసిన హెచ్.ఎస్. థామస్ అను ఆంగ్లేయుడు చెరువులలో గాలము వేయు విధమును గూర్చి 1887లో ప్రత్యేకముగా ఒక గ్రంథము వెలువరించెను. వినోదము పాతదే, కాని సిద్ధపడక పోయినచో అది ఒకరి జీవనమునకు నష్టము, మరొకరి ప్రాణమునకు ముప్పు కాగలదు. కనుక బయలుదేరుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. నీరు ఎప్పుడుండును? చేప ఎవరిది? అడుగు ఎట్టిది?

1. నీరు ఎప్పుడుండును?

కృష్ణా, గోదావరి తీరవాసులవలె మనము కోరిన మాసమున నదికి పోజాలము. స్వర్ణముఖి, కల్యాణి, అరణియారు, బాహుద, పింఛ, కౌండిన్య, పాలారు ఇవన్నియు వర్షాధారములే. సంవత్సరములో ఎక్కువ భాగము వీనియందు నీటికంటె ఇసుకయే కనిపించును. నైరుతి వానలు నేలను తడిపినను, మన చెరువులు నిండి మరవ పారుట తరచుగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసములలో వచ్చు ఈశాన్య ఋతుపవనముల వలననే.

ఈ కొరతయే మన పూర్వులచే చెరువులు కట్టించినది. పొరుగున కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనము (1369) మంచి చెరువునకు ఉండవలసిన లక్షణములను వరుసగా చెప్పుచున్నది. విజయనగర కాలమున తిరుమల దేవాలయమునకు వచ్చిన కానుకల ధనముతో దేవస్థాన గ్రామములలో కాలువలు, చెరువులు త్రవ్వించినట్లు అచటి శాసనములు తెలుపుచున్నవి. కావున మన వద్ద చేపల వేట అనగా ప్రధానముగా చెరువుల వేటయే.

చెరువు నిండిన వెంటనే పోవుట నిష్ప్రయోజనము. ఎర్రమట్టి నీటిలో చేపకు ఎర కానరాదు. వానలు నిలిచి నీరు తేరిన తరువాత, డిసెంబరు చివరినుండి ఫిబ్రవరి వరకు గల కాలము అనుకూలము.

2. చేప ఎవరిది?

చెరువులోని చేప దైవదత్తమని, అందరిదని చాలమంది భావింతురు. ఇది పొరపాటు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అను ముఖ్యజాతులు ప్రవాహపు నీటిలోనే గాని నిలువనీటిలో సాధారణముగా గ్రుడ్లు పెట్టవు. హీరాలాల్ చౌధురి మున్నగు శాస్త్రజ్ఞులు 1957 జూలై 10న పీయూష గ్రంథి రసమును సూదిమందుగా ఇచ్చి ఈ జాతి చేపలచే గ్రుడ్లు పెట్టించుటలో కృతకృత్యులైరి. నాటినుండి చేపపిల్లలను కేంద్రములలో పుట్టించి, కొని తెచ్చి చెరువులలో విడుచు పద్ధతి వ్యాపించినది. చెరువును కౌలునకు తీసికొన్న మత్స్యకారుల సహకార సంఘము వారు పిల్లలను విడిచి, నెలల తరబడి కాపాడి, వేసవిలో నీరు తగ్గినపుడు వల లాగుదురు.

నా విద్యార్థి దశలో మేము నలుగురము ఎవరిని అడుగకయే ఒక చెరువులో గాలములు వేసితిమి. పది చిన్న బొచ్చెలు పడినవి. ఇంతలో సంఘమునకు చెందిన ఒక వృద్ధుడు వచ్చి మా బుట్ట చూచెను. కోపపడలేదు. "నాయనా, ఈ పిల్లల్ని అప్పు తెచ్చి వదిల్నాము. ఇంకా అరకిలో గూడా కాలేదు. వేసవిలో వల లాగేటప్పుడు రాండి, నేనే పిలిచి ఇస్తాను" అనెను. మేము తలవంచుకొని, "తప్పయింది పెద్దాయనా" అంటిమి. చేపలు అప్పటికే చనిపోయినవి. తిరిగి నీట విడుచుటకు వీలు లేకపోయినది. ఆ పది చేపల వెల ఎంతయని అతడు మమ్ము అడుగలేదు. మేము ఇచ్చినదియు లేదు. అది నేటికిని నన్ను బాధించుచున్నది.

కనుక ముందు సంఘము వారిని, పంచాయతీని అడిగి అనుమతి పొందవలెను. కొన్నిచోట్ల అడుగకుండుటయే మేలు. శేషాచలపు అడవులలో కొంత భాగము 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనముగా ప్రకటింపబడినది. అందలి వాగులలో, మడుగులలో వేట తగదు. కల్యాణి జలాశయము తిరుపతి, తిరుమలలకు త్రాగునీరిచ్చునది. మత్స్యావతారమూర్తి వెలసిన నాగలాపురము వంటి క్షేత్రములలోని కోనేళ్లను భక్తుల మనోభావములను గౌరవించి విడువవలెను. ఇక విషము కలుపుట, మందుగుండు పేల్చుట 1897 నాటి భారత మత్స్య చట్టమే నేరముగా నిర్ణయించినది.

కొర్రమీను విషయమున మరియొక జాగ్రత్త కలదు. తల్లిదండ్రులు రెండును పిల్లల గుంపును వెన్నంటి కాచును. నీటిపై ఎర్రని పిల్లల గుంపు కదలుచుండగా అచట గాలము వేసి పెద్దచేపను పట్టినచో ఆ సంతతి యంతయు ఇతర చేపల పాలగును.

3. అడుగు ఎట్టిది?

ఇది ప్రాణములకు సంబంధించిన ప్రశ్న. పైకి మోకాలి లోతు కనిపించు ఏటిలో ఇసుక త్రవ్విన గోతులు ఉండవచ్చును. చెరువు గర్భములో పూడికమట్టి తీసిన గుంటలు, పాతబావులు నీట మునిగియుండును. ఒండ్రులో దిగిన కాలు ఈతగానికైనను సులభముగా రాదు. మరవ వద్ద, తూము వద్ద నీటి లాగుడు మిక్కుటము.

ఏరు ఎండియున్నదని నమ్మరాదు. 2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి దిగువ గ్రామములలో పలువురు మరణించిరి. అదే మాసమున తిరుపతికి సమీపమునగల రాయలచెరువు కట్టకు గండిభయము కలుగగా దిగువ గ్రామముల ప్రజలను తరలింపవలసివచ్చెను. ఎగువ కొండలలో వాన పడినచో, మన తలపై ఎండ కాయుచున్నను ఏటిని విడిచి గట్టెక్కవలెను.

4. ప్రయాణపు ఏర్పాటు

ఒంటరిగా పోరాదు, నలుగురైదుగురు కలిసి, ఇంటివారికి చెరువు పేరు, తిరిగివచ్చు వేళ చెప్పి బయలుదేరవలెను. ఊరిలో ఒక పెద్దను కలిసి లోతు వివరములు తెలిసికొనవలెను. సూర్యోదయమునుండి తొమ్మిది గంటల వరకు, మరల సాయంకాలము నాలుగు దాటిన పిదప చేప మేతకు వచ్చును.

వెదురుకర్ర, నైలాను దారము, బెండు, సీసపు గుండు, గాలపు ముల్లు చాలును. బెండును జరుపుటలోనే నేర్పున్నది. బొచ్చె పైనీటిలో, శీలావతి నడుమ, ఎర్రమోసు అడుగున మేయును. ముల్లు ఆ లోతునకు దిగవలెను. వీనికి పిండిముద్ద, జెల్లకు వానపాము మంచి ఎర. 1952లో మన దేశమునకు వచ్చిన జిలేబి చేప చెరువులోనే తామరతంపరగ పెరుగును గనుక, క్రొత్తవారు సంఘము వారి అనుమతితో దానితో ప్రారంభించుట ఉచితము.

వీనితోపాటు ఇరవై మూరల గట్టి త్రాడు, మూత బిగించిన ఖాళీ క్యాను తప్పక ఉండవలెను. ఎవరైనను నీట పడినచో వెంట దూకరాదు. త్రాడుగాని, క్యానుగాని, కర్రగాని అందించి ఒడ్డునకు లాగవలెను. ఈత వచ్చినవాడు కూడ, భయముతో మెడ పట్టుకొన్న మిత్రునితో మునిగిపోవును. ముల్లు గ్రుచ్చుకొన్నచో వైద్యునికి చూపి, ధనుర్వాతపు సూది వేయించుకొనవలెను. తెగిన దారములను, ముండ్లను గట్టున విడువక ఏరుకొని రావలెను. పశువులు, పక్షులు వానికి బలియగును.

మిత్రులారా! మీరు ఈ సెలవులలో పోవుచున్నచో గాలముకంటె ముందు ఒక కాగితము తీసికొని ఈ మూడు ప్రశ్నలను వ్రాసికొనుడు. మూడింటికిని ఊరిలోనివారినుండి సమాధానము లభించినపుడే బయలుదేరుడు. ఆనాడు బుట్ట ఖాళీగా వచ్చినను విచారము లేదు. వెళ్లినవారందరు ఇంటికి చేరిరి, ఎవరి కష్టార్జితమును చెడలేదు అన్న తృప్తి మిగులును.