ఏ పనికి ఏ తాడు

పలుపు, పగ్గం, చేంతాడు, మోకు అంటూ పనికొక పేరు పెట్టి తాడును పిలిచిన భాష మనది. నేడు అంగడిలో అన్నింటికీ ‘నైలాన్ తాడు’ అన్న ఒక్క మాటే చెల్లుతున్నది. ఆ పేరుతో అమ్ముడుపోయే చౌకైన రంగు తాళ్లలో అనేకం నైలాన్ కానే కావు, పాలీప్రొపిలీన్ తాళ్లు. సామాను కట్టుకునేవారికి ఈ భేదం లెక్కలోనిది కాదు. ఎత్తైన గోడకు రంగు వేస్తూ తాడుకు వేలాడే మనిషికి మాత్రం ఇది ప్రాణంతో ముడిపడిన విషయం.

తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన రాజపాళయం, చోళపురం ప్రాంతాన్నే చూడండి. పడమటి కనుమల పాదాన కొబ్బరి తోటలు. ఊరిలో, 1936లో పి.ఎ.సి. రామసామి రాజా నెలకొల్పిన రాజపాళయం మిల్స్‌తో వేళ్లూనిన నూలు పరిశ్రమ. తాడుకు పనికివచ్చే రెండు సహజ పదార్థాలు అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. కొబ్బరి పీచులో లిగ్నిన్ అనే గట్టి పదార్థం అధికం. అందువల్ల ఉప్పునీటిలో సైతం అది త్వరగా కుళ్లదు. నూలు తాడు మెత్తనిది, చేతిని కోయదు. తడిసినప్పుడు దాని బలం పెరుగుతుంది గాని, తడి ఆరకపోతే బూజు పట్టి లోలోపల చివికిపోతుంది. కొబ్బరి పీచు 30 సెంటీమీటర్లకు మించడం అరుదు. అంత పొట్టి పీచుతో బావి లోతుకు అందే చేంతాడు తయారయ్యేది పురి వల్లనే. పోగులను ఒక దిక్కుకు పురి తిప్పి, పేటలను ఎదురు దిక్కుకు పేనుతారు. ఒకటి విడిపోబోతే మరొకటి బిగుస్తుంది.

కృత్రిమ తాళ్లలో పోగు ఎంత పొడవైనా ఉండవచ్చు. 1935లో అమెరికాలో కారొథర్స్ రూపొందించిన నైలాన్ బాగా సాగి, హఠాత్తుగా పడే బరువు అదురును తనలో ఇముడ్చుకుంటుంది. నీరు పీల్చినప్పుడు మాత్రం కొంత బలం కోల్పోతుంది. పాలీప్రొపిలీన్ నీటికి చెడదు, చవక. కాని ఎండకు పెళుసుబారుతుంది; సుమారు 165 డిగ్రీల వద్ద కరిగిపోతుంది కనుక ఒరిపిడి వేడిమికీ తట్టుకోలేదు.

పరీక్ష సులువు. చిన్న ముక్క కోసి, పోగులు విప్పి, సబ్బునీటిలో ముంచి గాలి పోయేలా పిండి వదలండి. తేలితే అది నైలాన్ కాదు. మునిగినంత మాత్రాన నైలాన్ అనీ చెప్పలేము. పాలిస్టర్ కూడా మునుగుతుంది.

మనిషి బరువు మోసే తాడును ప్రతిరోజూ పేటల నడుమ విప్పి చూడవలెను. రంగు వెలిసి, పొడి రాలుతున్నా, పోగులు తెగి నూగులా లేచినా దానిని పనిలో వాడరాదు. గోడ అంచున తాడు ఒరిసే చోట గోనె మడత వేయండి. ముడి పడిన చోట బలం సగం వరకు తగ్గవచ్చును. మోయగల బరువు తెలిపే చీటీ తాడుకు ఉన్నదా అని మేస్త్రీని అడగడానికి సంకోచించకండి.