గెలాక్సీ ఎస్24 అల్ట్రా: గుణదోష పరిశీలన

నౌకాదళమున అధిపతి జెండా ఎగురు ఓడకు ఫ్లాగ్‌షిప్ అని పేరు. వ్యాపారులు ఆ మాటను తెచ్చి తాము తయారుచేయు వస్తువులలో అగ్రగణ్యమైన దానికి పెట్టుకొన్నారు. ఆండ్రాయిడ్ ఫోనులలో అట్టి అగ్రస్థానమునకై శామ్‌సంగ్ సంస్థ 2024 జనవరి 17న విడుదల చేసినది గెలాక్సీ ఎస్24 అల్ట్రా. దాని తరువాత క్రొత్త నమూనాలును వచ్చినవి. అయినను విడుదలనాటి ఆర్భాటము సద్దుమణగిన పిమ్మటనే ఒక వస్తువును నెమ్మదిగా తూచుటకు వీలగును. పైగా ఉర్దూ, తెలుగు రెండును వినబడు మా కళాశాల వంటి చోట దీనిని గూర్చి అడుగవలసిన ప్రశ్న ఒకటి ప్రత్యేకముగా కలదు. దానిని చివర చర్చింతుము.

ముందుగా కంటికి కనబడునది తెర. కొలత 6.8 అంగుళములు, బొమ్మ సెకనుకు 120 పర్యాయముల వరకు మారును. గరిష్ఠ కాంతి 2600 నిట్లని సంస్థ ప్రకటన. మాకు అంతకంటె ముఖ్యముగా తోచినది తెరపైనున్న గాజు. గొరిల్లా ఆర్మర్ అను ఈ గాజు వెలుతురు ప్రతిఫలించుటను మామూలు గాజుతో పోల్చినచో 75 శాతము వరకు తగ్గించునని తయారీదారైన కార్నింగ్ సంస్థ చెప్పినది. ఎండలో తెరను చదువుటకు కాంతిని పెంచుట ఒక మార్గము. అందువలన బ్యాటరీ ఖర్చగును, ఫోను వేడెక్కును. ప్రతిబింబమునే తగ్గించుట రెండవ మార్గము. ఇందుకు విద్యుత్తు వ్యయము లేదు. మన మే నెల ఎండ నెరిగినవారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ప్రాసెసరు క్వాల్‌కామ్ వారి స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 3. ఇదే వరుసలోని చిన్న ఫోనులలో మన దేశమున శామ్‌సంగ్ తన సొంత ఎక్సినాస్ 2400ను వాడినది. అల్ట్రాకు మాత్రము అన్నిచోట్లను స్నాప్‌డ్రాగన్‌నే ఇచ్చినది. వేగమును గూర్చి ఇంతకంటె వ్రాయుట దండుగ. విద్యార్థి చేయు ఏ పనికైనను అది చాలి మిగులును.

కెమెరా విషయమున అంకెలు మోసపుచ్చును. 200 మెగాపిక్సెళ్ళు అని పెట్టెపై చదివినవాడు ప్రతి చిత్రమును అంత వివరముగా వచ్చునని తలచును. చిన్న పిక్సెలుపై పడు వెలుతురు స్వల్పము గనుక ఫోను సాధారణముగా పదహారు పిక్సెళ్ళను ఒకటిగా కలిపి సుమారు 12 మెగాపిక్సెళ్ళ చిత్రమును తయారుచేయును. ఇది లోపము కాదు, తెలివైన ఏర్పాటే. దూరదృష్టి లెన్సు కథ వేరు. అంతకు ముందటి ఎస్23 అల్ట్రాలో పది రెట్లు దగ్గరగా చూపు లెన్సు ఉండెడిది. ఎస్24 అల్ట్రాలో దాని స్థానమున అయిదు రెట్ల లెన్సును, 50 మెగాపిక్సెళ్ళ సెన్సారును అమర్చిరి. పది రెట్లు కావలెనన్నచో సెన్సారు నడిమి భాగమును కత్తిరించి ఇచ్చును. వేదికపైనున్న వక్తను తీయుటకు ఈ మార్పు మేలే; చార్మినార్ మీది గచ్చు పనితనమును క్రిందనుండి పట్టదలచినవానికి పాత లెన్సే గుర్తుకు వచ్చును.

ఇక ఆయుష్షు. ఏడు సంవత్సరములపాటు ఆండ్రాయిడ్ క్రొత్త కూర్పులను, భద్రతా సవరణలను ఇత్తుమని సంస్థ వాగ్దానము చేసినది. ఇట్టి మాట గూగుల్ 2023 అక్టోబరులో తన పిక్సెల్ 8కు ముందే ఇచ్చియున్నది. విడుదలనాడు మన దేశమున అల్ట్రా ప్రారంభపు వెల 1,29,999 రూపాయలు. ఏడేండ్లకు పంచినచో నెలకు సుమారు 1,548 రూపాయలు పడును. ఈ లెక్క వినుటకు ఇంపుగానున్నది గాని ఇందులో ఒక మెలిక కలదు. వాగ్దానము సాఫ్ట్‌వేరునకే గాని బ్యాటరీకి కాదు. లిథియం అయాన్ బ్యాటరీ ప్రతి చార్జింగుతోను కొంత శక్తి కోల్పోవుచుండును. ఫోను వెనుక భాగము జిగురుతో అతికింపబడియుండుటచే మనమే విప్పి మార్చుకొనలేము. సామర్థ్యము సైతము 5000 మిల్లీ ఆంపియర్ అవర్లే. 2020లో వచ్చిన ఎస్20 అల్ట్రాకును ఇంతే. 2016లో బ్యాటరీలు అంటుకొనుటచే గెలాక్సీ నోట్ 7ను పూర్తిగా ఉపసంహరించుకొన్న అనుభవమే ఈ జంకునకు మూలమని మా ఊహ. అంత వెల పెట్టినను పెట్టెలో చార్జరు లేదు. బరువు 232 గ్రాములు. చొక్కా జేబు వ్రేలాడును.

ఇప్పుడు మా ప్రశ్న. ఫోనులో మాటలాడుచుండగనే ఒక భాషను మరొక భాషలోనికి మార్చి వినిపించు ‘లైవ్ ట్రాన్స్‌లేట్’ ఈ యంత్రపు ఘనతగా చాటబడినది. ఆ పని ఫోనులోనే జరుగును గనుక సంభాషణ బయటకు పోదు. ఇది నిజముగా మెచ్చదగినది. కాని విడుదలనాడు అందున్న 13 భాషలలో మన దేశమున పుట్టినది హిందీ ఒక్కటే. పోలిష్ ఉన్నది, థాయ్ ఉన్నది. తెలుగు లేదు, ఉర్దూ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారము తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్లకు పైన, ఉర్దూ వారు 5 కోట్లకు పైన. కనుక జనసంఖ్య ఇక్కడ కొలబద్ద కాలేదు.

ఉర్దూ మాటలాడువానికి హిందీ ఒక దొడ్డిదారి కావచ్చును. నోటిమాటలో రెండును చాలవరకు కలియును. కాని తెరపై అక్షరములు దేవనాగరిలో వచ్చును. మన ‘నక్కో’, ‘హౌ’ వంటి దక్కనీ పలుకులకు ప్రామాణిక హిందీలో చోటు లేదు. తెలుగువానికి ఆ దొడ్డిదారియును లేదు. టైపు చేయుటకు రెండు భాషల కీబోర్డులును ఉన్నవి, నిజమే. అయినను ఆండ్రాయిడ్ తెరలపై ఉర్దూ చాలమటుకు నస్ఖ్ రూపమున కనబడును; నస్తాలీఖ్‌లో చదువుటకు అలవాటుపడిన పెద్దలు దానిని చూచి ముఖము చిట్లింతురు.

యంత్రమునకు ఒక భాష వచ్చుటకు ఆ భాష మాటలాడువారి కంఠధ్వనులు, వాటి సరియైన వ్రాతప్రతులు విస్తారముగా కావలెను. కేంద్ర ప్రభుత్వము 2022 జూలైలో ఆరంభించిన ‘భాషిణి’ పథకము ‘భాషాదాన్’ అను పేర ప్రజలనుండియే అట్టి సామగ్రిని కోరినది. అక్కడి భాషల పట్టీలో తెలుగును, ఉర్దూయును రెండును ఉన్నవి.